దీనికి మార్కులు లేవు

అయినా డెబ్బై అంటే తక్కువేం కాదు, డెబ్బై అంటే పదిసార్లలో ఏడుసార్లు నిలబడే మాట, అంతకంటే గట్టిగా నిలబడే మాట ఈ లోకంలో ఎవరు చెప్పారు గనక, పెళ్లి సంబంధాలు తెచ్చేవాళ్లు కూడా అంత భరోసా ఇవ్వరు, అనుకుంటూ ఆమె మౌసు మీద వేలు అలాగే ఆపేసింది, తెర మీద అడ్డంగా ఒక గీత, గీత మీద నీలం గుండు, ఎడమకి లాగితే సున్నా, కుడికి లాగితే వంద, పైన పన్నెండు వారాలుగా చూస్తున్న అవే మాటలు, ఈ పాఠం మీకు ఎంతవరకు వచ్చిందని మీ నమ్మకం, నిజాయితీగా గుర్తించండి, దీనికి మార్కులు లేవు, మార్కులు లేవట, వినడానికి ఎంత చల్లగా ఉంది, వెనక సెంట్రిఫ్యూజు గిర్రున తిరుగుతూ ట్యూబుల్లో రక్తకణాల్ని కిందికీ సీరమనే పసుపునీటిని పైకీ విడగొడుతోంది, గోడగడియారం పన్నెండుంబావు చూపిస్తోంది, అది నాలుగు నిమిషాలు ముందుంటుంది, ఒంటిగంటకి ఈ ఆన్‌లైను కోర్సు తలుపులు మూసుకుంటాయి, చివరి పాఠం పరీక్ష నిన్ననే రాసేసింది, ఇక మిగిలింది ఈ గుండుని ఎక్కడో ఒకచోట నిలబెట్టి కింద ఉన్న బొత్తాం నొక్కడమే, చంటిపిల్ల కూడా చేసే పని, ఆ పని దగ్గర ఇరవై రెండేళ్ల అనుభవం ఉన్న సీనియర్ ల్యాబ్ టెక్నీషియను అరగంట నుంచి చెమటలు పట్టి కూర్చుంది.

పొద్దున ఆసుపత్రి సూపరింటెండెంటు పిలిచి మాట్లాడిన మాటలు ఇంకా చెవిలోనే ఉన్నాయి, ఆయన మంచివాడే, అదే ఆమె బాధ, చెడ్డవాడైతే నాలుగు తిట్టుకుని ఊరుకోవచ్చు, కూర్చోమ్మా అని కుర్చీ చూపించి, బల్ల మీదున్న రంగురంగుల కాగితాన్ని ఆమె వైపు తిప్పాడు, కొత్త ల్యాబు ఇన్‌చార్జి పోస్టుకి మీ ల్యాబులోంచి మీ ఇద్దరి పేర్లే ఉన్నాయి, ఈ కోర్సు చేసినవాళ్లలోంచే తీసుకోమని పై ఆఫీసువాళ్ల మాట, నిజం చెప్పాలంటే నేను మీకే అనుకున్నా, తీరా ఇది చూస్తే మీ పేరు ఎదురుగా ఎరుపు పడింది, అన్నాడు, ఆమె కాగితం మీదికి వంగింది, తన పరీక్షల మార్కులు, తొంభై రెండు, తొంభై ఆరు, ఎనభై తొమ్మిది, తొంభై నాలుగు, అవన్నీ ఒక మూల చీమల్లా చిన్న అక్షరాల్లో ఉన్నాయి, పెద్ద అక్షరాల్లో ఉన్నది ఇంకో గడి, ఆత్మవిశ్వాస సూచిక, యాభై ఎనిమిది, దాని పక్కన ఎర్రచుక్క, ఇదేమిటండీ, ఇది ఆ గీత మీది అంకె కదా, దానికి మార్కులు లేవన్నారు కదా, అని ఆమె అడిగితే, మార్కులు లేవమ్మా, రంగుంది, అన్నాడాయన, గొంతులో వెటకారం ఏ కోశానా లేదు, ఉన్న సంగతి చెబుతున్నాడంతే, మీ మీద మీకే నమ్మకం లేదని మీ చేత్తో మీరే పదకొండు వారాలు రాసిచ్చారు, రేపు ఎవరైనా నన్ను నిలదీస్తే నేనేం చెప్పను, ఇంకో పాఠం మిగిలింది కదా, కనుక్కున్నాను, చివరిదానికి బరువెక్కువట, దానికి వంద పెడితే ఎరుపు పోయి ఆకుపచ్చ వస్తుందట, పెట్టేయండి, ఒక్క అంకె కోసం చేతికొచ్చింది పోగొట్టుకోకండి, అన్నాడు, ఆమె మింగలేక కక్కలేక అలాగేనండీ అని లేచి వచ్చేసింది, వరండాలో నాలుగడుగులు వేశాక గానీ అనాల్సిన మాట నోటికి రాలేదు, ఎప్పుడూ అంతే, నోటికి రావలసిన మాట వరండాలోనే వస్తుంది, అక్కడ వినేవాళ్లుండరు.

మోసమంటే ఇదే, దీన్ని ఇంకో పేరుతో పిలవడానికి ఆమె మనసు ఒప్పుకోలేదు, కోర్సు నడిపేదాని పేరేమో మిత్ర, మొదటి తెర మీద స్వీయ నియంత్రిత అభ్యసన సహాయకారి అని రాసి ఉంటే నోరు తిరగక ఆమె తడబడింది, పక్కన కూర్చుని కోర్సులో చేర్పించిన కూతురు, కాలేజీలో చదివే పిల్ల, మిత్ర అంటే చాల్లే అమ్మా అంది, అంటే మన చదువు మనమే చూసుకోవడానికి సాయం చేసే సాఫ్టువేరన్నమాట, నువ్వెప్పుడు చదవాలో, ఎంత చదవాలో, ఎంత వచ్చిందో నీ చేతే చెప్పిస్తుంది, అంది, నిజంగానే ప్రతి సోమవారం ఈ వారం మీ లక్ష్యం ఏమిటి, ఎన్ని గంటలు చదువుతారు అని అడిగేది, ఆమె రెండు అని రాసేది, పాఠం రెండుసార్లు చదివి నోట్సు రాసుకునేసరికి అయిదయ్యేది, ఆదివారం సాయంత్రానికి మీరు ప్రణాళిక తప్పారు, వచ్చే వారం ఇంకా బాగా చేయగలరు అని చెప్పేది, ఎక్కువ చదవడం కూడా తప్పేనా అని ఆమె మొదట నవ్వుకుంది, తరవాత ఒక పెట్టె తెరుచుకునేది, ఈ వారం ఎక్కడ తడబడ్డారు, మీ మాటల్లో రాయండి, ఆ పెట్టె దగ్గరే ఆమె పడిపోయింది, ఎందుకంటే ఇరవై రెండేళ్లలో ఆ ప్రశ్న ఆమెని అడిగిన ప్రాణి లేదు, మొగుడు అడిగేది తువ్వాలెక్కడ అని, కూతురు అడిగేది చార్జరెక్కడ అని, వార్డులవాళ్లు అడిగేది రిపోర్టెక్కడ అని, నీకెక్కడ కష్టంగా ఉంది అని ఒక్కరు అడగలేదు, అడిగింది కదా అని రాసింది, గ్రాఫుల పాఠంలో మూడో సూత్రం నాకు పట్టుబడలేదు అని రాసింది, నలభై ఎనిమిదేళ్లకి చదివింది తలలో నిలవడం లేదు, నిలవడం లేదని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది అని కూడా రాసింది, మీ ఆలోచన పంచుకున్నందుకు ధన్యవాదాలు, ఇలాగే కొనసాగించండి, అని జవాబొచ్చేది, ఎవరో ఓపిగ్గా చదువుతున్నారనుకుంది, ఎంత పిచ్చిది, ఒకరోజు కూతురు వెనకనుంచి చూసి, నువ్వు ఆ డబ్బాతో కష్టసుఖాలు చెప్పుకుంటున్నావా అమ్మా, అందరూ వంద పెట్టేసి పోతారు, అదెవరూ చదవరు, అంది, ఎవరూ చదవకపోతే అబద్ధం మాత్రం ఎందుకు రాయడమే అని ఆమె కసిరింది, కూతురు చెప్పిందీ తప్పే, తను అనుకున్నదీ తప్పే, రాసిన మాటల్ని ఎవరూ చదవలేదు, జరిపిన గుండుని మాత్రం పైవాళ్లు కళ్లు పెద్దవి చేసుకుని చూశారు.

కానీ ఆ గుండుని అలా జరపడం ఆమె పిరికితనం కాదు, అది ఆమె వృత్తి, ఆ సంగతి ఈ ఎర్రచుక్క పెట్టినవాళ్లకి ఎలా చెప్పాలి, పని నేర్పిన పాత ఇన్‌చార్జిని ల్యాబంతా పెద్దాయన అనేవారు, రిటైరై పదేళ్లయింది, రోజూ పొద్దున్నే రోగుల రక్తం పెట్టేముందు కంట్రోలు పెట్టాలి అని ఆయనే నేర్పాడు, కంట్రోలంటే లెక్క ముందే తెలిసిన సీసా, దాన్ని మిషనులో పెట్టి మిషను ఎంత తప్పు చెబుతోందో చూసి చార్టులో చుక్క పెట్టాలి, చేరిన కొత్తలో ఒకసారి నాలుగు రోజులు వరసగా అచ్చు ఒకటే అంకె వచ్చింది, గీతకి సరిగ్గా మధ్యలో, అప్పటికి తను ఇరవై ఆరేళ్ల పిల్ల, సంబరపడి చూపించబోతే ఆయన కళ్లజోడు పైకెత్తి, ఏమ్మాయ్, మిషను చచ్చిపోయిందా, నువ్వే రాసేస్తున్నావా, అన్నాడు, విప్పి చూస్తే నిజంగానే లోపలెక్కడో పట్టేసి ఉంది, అప్పుడన్నాడు, బతికున్నదేదైనా కొద్దిగా వణుకుతుంది, ఇవాళ ఇటు, రేపు అటు, వణకని ముల్లు విరిగిన ముల్లు, ఎంత తప్పు చూపిస్తోందో చెప్పే మిషనే మంచి మిషను, నాలో తప్పే లేదనే మిషన్ని మూటగట్టి పంపెయ్, ఆ మాట ఆమెకి ఎంతగా ఒంటబట్టిందంటే, తెర మీద మిత్ర గీత కనిపించగానే అది కూడా తను రోజూ చుక్కలు పెట్టే చార్టే అనుకుంది, తనని తానే కంట్రోలు సీసాలా పెట్టి చూసుకుంది, ఈ వారం యాభై అయిదు, ఈ వారం అరవై, గ్రాఫుల వారం నలభై, ఎంత తప్పుందో అంత చెప్పింది, ఇంకే ఉద్యోగంలో ఉన్నవాళ్లూ చెయ్యని పొరపాటు, ల్యాబువాళ్లు మాత్రమే చెయ్యగల పొరపాటు, నిండుకుండ తొణకదంటారు, ఇప్పుడు కుండలోకి తొంగిచూసే ఓపిక ఎవరికుంది, చప్పుడు వింటారు, ఏది గట్టిగా మోగితే దాన్ని నెత్తిన పెట్టుకుంటారు.

గట్టిగా మోగేవాడు పక్కగదిలోనే ఉన్నాడు, జాబితాలో రెండో పేరు వాడిదే, ఎనిమిదేళ్లు చిన్నవాడు, అక్కా అని పిలుస్తాడు, అసలు పేరు జీతాల గుమస్తా కూడా వెతుక్కోవాలి, అందరికీ వాడు ఢోకాలేదు, రిపోర్టు సరిగ్గా ఉందా అంటే ఢోకా లేదు, ఫ్రిజ్ తలుపు వేశావా అంటే ఢోకా లేదు, ఒకసారి వేయలేదు, ఆ ఎండాకాలం రెండు పెట్టెల రసాయనాలు పారబోశారు, మిత్రకి వాడంటే ప్రాణం, ఎందుకుండదు, ఈ వారం ఎంతసేపు చదువుతారు అంటే పది నిమిషాలు అని రాస్తాడు, తొమ్మిది నిమిషాల్లో లేస్తాడు, ప్రణాళిక ప్రకారం పూర్తి చేశారు అని నక్షత్రం పెడుతుంది, ఎక్కడ తడబడ్డారు అంటే బాగుంది అని రాస్తాడు, గుండు ప్రతిసారీ వందకి కొట్టేస్తాడు, పరీక్షలో అరవై ఒకటి, యాభై ఎనిమిది, యాభై మూడు, గట్టెక్కాడు అంతే, పొద్దున కాగితం మీద వాడి పేరు పక్కన మాత్రం నవనవలాడే ఆకుపచ్చ, పోయినేడు ఆడవాళ్ల వార్డు నుంచి వచ్చిన రక్తంలో పొటాషియం ఏడు దాటిందని రిపోర్టిచ్చాడు, అంత ఉంటే గుండె ఆగిపోతుందని పైన అందరూ పరుగులు పెట్టారు, ఆమె అనుమానం వచ్చి ట్యూబు తీసి కిటికీ వెలుగులో పెట్టి చూస్తే పైనున్న సీరం లేత పసుపు బదులు గులాబీ రంగులో ఉంది, రక్తం లాగేటప్పుడు మోటుగా లాగితే ఎర్రకణాలు పగిలిపోతాయి, వాటిలోని పొటాషియం బయటికొచ్చి లేని లెక్క చూపిస్తుంది, ఈ పని చేసేవాళ్లకి ఇది ఓనమాలు, మళ్లీ తీయిస్తే నాలుగే ఉంది, ఏమిట్రా ఇది అంటే, ఢోకా లేదక్కా, మిషను చెప్పిందే రాశాను, అన్నాడు, ఈ పాత మిషనుకి రంగు కనబడదు, రంగు చూడాల్సింది మనిషి, వాడి మీద పైకి చెప్పకుండా ఆమే కడుపులో పెట్టుకుంది, అప్పటి నుంచీ ఒకటే కోరిక, తనకే గనక ఆ కుర్చీ వస్తే కొత్త ల్యాబు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలి, ట్యూబు రంగు చూడనిదే రిపోర్టు గడప దాటకూడదు అని, కుర్చీ మీద మోజు లేదని కాదు, ఉంది, ఎందుకుండకూడదు, కానీ ఆ గోడ మీద అంతకంటే ఎక్కువ మోజు, ఇప్పుడా గోడ కూడా వాడిదైపోతుంది, గంట కిందట వరండాలో ఎదురుపడి, నీకొచ్చినా నాకొచ్చినా ఒకటే అక్కా, నాకొస్తే నువ్వు పక్కన ఉంటావుగా, ఢోకా లేదు, అన్నాడు, వాడు మనసులో కల్మషం పెట్టుకుని అనలేదు, కుర్చీ వాడిది, చూపు నాది అన్నమాట.

ఇదేదో కొత్త సంగతి కూడా కాదు, ఇంతకుముందూ ఒకసారి ఇలాగే జరిగింది, అయిదో తరగతి, సున్నం రాలుతున్న గోడ, బల్ల మీద బెత్తం, లెక్కల టీచరు బోర్డు నిండా భాగహారం చేసి చేతులు దులుపుకుని, అర్థమైనవాళ్లు చేతులెత్తండి అంది, నలభై చేతులు లేచాయి, ఆమెది లేవలేదు, సగం దాకా అర్థమైంది, చివర మిగిలిన శేషాన్ని ఏం చెయ్యాలో తెలియలేదు, సగమే అర్థమైతే చెయ్యి సగమే ఎత్తాలా అని నిజంగానే ఆలోచిస్తోంది, ఈలోపు టీచరు చూసేసింది, నీకొక్కదానికే అర్థం కాలేదా, బెంచీ ఎక్కు, అంది, గంట కొట్టేదాకా బెంచీ మీద నిలబడింది, అక్కడి నుంచి అందరి పాపిడులూ కనిపించాయి, పక్కన కూర్చునే రెండు జడల పిల్ల కిందనుంచి గౌను లాగి, అర్థం కాకపోయినా ఎత్తాలే మొద్దూ, అంది, ఆ పిల్లకి భాగహారం కాదు గదా కూడికలే రావు, దాన్ని ఎవరూ ఏమీ అడగలేదు, ముప్పై ఎనిమిదేళ్లు ఆమె ఆ బెంచీని తలుచుకుని తనదే తప్పనుకుంది, నాకు బుర్ర నిదానం, అందుకే ఎక్కించారు అనుకుంది, ఇప్పుడు ఈ నీలం గుండు ముందు కూర్చుంటే తెలిసొచ్చింది, ఆ టీచరు అడిగింది అర్థమైందా అని కాదు, చెయ్యెత్తమని, చేతులన్నీ లేస్తే తరవాతి పాఠంలోకి పోవచ్చు, ఆవిడకి కావలసింది అదే, సూపరింటెండెంటుకి కావలసిందీ అదే, మిత్ర వెనకాల ఎవరున్నారో గానీ వాళ్లకి కావలసిందీ అదే, నిజాయితీగా అనే మాట ఊరికే మర్యాదకి పెట్టింది, ఇంటికొచ్చినవాళ్లని భోంచేసి వెళ్లండి అన్నట్టు, తనలాంటి మొద్దు ఆ మాట నమ్మి పీట వేసుకుని కూర్చుంది.

సరే ఎత్తుతాను, అనుకుంది, చెయ్యే కదా మీక్కావలసింది, ఇదిగో, అని గుండుని పట్టుకుని కుడికి ఈడ్చింది, డెబ్బై దాటింది, తొంభై దాటింది, వంద దగ్గర గోడకి కొట్టుకున్నట్టు ఆగింది, బొత్తాం నొక్కింది, తెర నిండా రంగుకాగితాల ముక్కలు రాలాయి, అభినందనలు, మీరు మిమ్మల్ని నమ్మడం నేర్చుకున్నారు, మీ జవాబు నమోదైంది, ఇక మార్చడం కుదరదు, ఇన్నాళ్లూ చూపించని ఎర్రచుక్క ఆమె పేరు పక్కన తేలి, ఒక్క క్షణం పసుపై, ఆకుపచ్చై కూర్చుంది, సిగ్గేస్తుందనుకుంది, వెయ్యలేదు, ఒళ్లు తేలికైపోయింది, అదే వింత, ముప్పై ఎనిమిదేళ్ల తరవాత ఎవరో చెయ్యందించి బెంచీ దింపినట్టుంది, ఇంత సులువా, వాడు రోజూ ఇంత తేలిగ్గా ఉంటున్నాడా, సెంట్రిఫ్యూజు ఆగి ఎంతసేపైందో, మూత తెరిచి ట్యూబులు తీసింది, చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, స్టాండులో పెట్టడం, మిషనులోకి తొయ్యడం, మనసు మాత్రం కొత్త ల్యాబులో తిరుగుతోంది, కిటికీ వైపు బల్ల వేయించాలి, గోడ మీద నోటీసు ఎర్రరంగులో కాకుండా నీలంలో రాయించాలి, ఎరుపు చూడబుద్ధి కావడం లేదు, సాయంత్రం కూతురికి చెప్పాలి, వంద పెట్టానే అంటే అది పగలబడి నవ్వుతుంది, చివరికి దారికొచ్చావమ్మా అంటుంది, మిషను టకటకమని అంకెలు కక్కింది, ఒక్కొక్కటీ కంప్యూటరులోకి కొట్టి వార్డులకి పంపింది, ఎప్పుడూ లేనంత చురుగ్గా అయిపోయింది పని.

ఫోను మోగింది, మగవాళ్ల వార్డు నర్సు, కుదురైన పిల్ల, ఒకటికి రెండుసార్లు అడిగే రకం, మేడమ్, పదకొండో బెడ్డు తాతగారికి పొటాషియం నాలుగు ఉందని వచ్చింది, పొద్దున రెండున్నరే ఉంది, ఇంత తొందరగా ఎక్కేసిందా అని డాక్టరుగారు ఆశ్చర్యపోతున్నారు, నార్మలే అయితే పొటాషియం డ్రిప్పు ఆపేస్తారట, మిమ్మల్ని ఒకసారి అడగమన్నారు, ఖాయమేనా మేడమ్, అంది, ఆ పిల్ల అడిగిన తీరులో అనుమానం కంటే నమ్మకం ఎక్కువుంది, ఏళ్ల తరబడి ఆమె ఇటువైపు నుంచి ఉండమ్మా చూసి చెబుతాను అనడం, అటువైపు అలాగే మేడమ్ అని ఫోను పట్టుకుని నిలబడడం, అది ఇద్దరికీ అలవాటు, ఆమె నోరు తెరిచింది, వచ్చిన మాట ఇది, ఢోకా లేదమ్మా.

ఫోను పెట్టేశాక గానీ ఆ మాట ఆమె చెవిన పడలేదు, ఎవరిదో ఎంగిలి మాట నోట్లో పెట్టుకున్నట్టయింది, ఢోకా లేదా, ఎవరన్నారు, నేనా, ఉండమ్మా చూసి చెబుతాను అనే చోట ఇదెలా దూరింది, చూడకుండా ఎలా, అసలు చూశానా, స్టాండు వైపు తిరిగింది, ఆరు ట్యూబులు, నాలుగోది పదకొండో బెడ్డుది, పైకి తీసి కిటికీ దగ్గరికి నడిచింది, నాలుగడుగులే, ఆ నాలుగడుగులు ఇందాక వెయ్యలేదు, వెలుగులో పెట్టింది, గులాబీ రంగు, అనుమానించడానికి కూడా లేదు, గుడ్డివాళ్లకి కూడా కనిపించేంత గులాబీ, కణాలు పగిలి లేని పొటాషియం కలిపి చూపిస్తోంది, నాలుగు ఎక్కడిది, మూడు కూడా ఉండదు, పొటాషియం మరీ తక్కువైనా గుండె ఆగుతుంది, ఆ ముసలాయనకి డ్రిప్పు ఆపేస్తే, ఫోను తీసి తిప్పింది, ఎంగేజు, మళ్లీ తిప్పింది, ఎంగేజు, రెండంతస్తులు, లిఫ్టు కోసం నిలబడాలా మెట్లెక్కాలా, మళ్లీ తిప్పింది, ఎత్తారు, ఆపకండమ్మా, డ్రిప్పు ఆపకండి, ఇందాక నేను చూడకుండా చెప్పాను, ట్యూబు చెడింది, మళ్లీ రక్తం తీసి పంపండి, సూది మెల్లగా లాగమనండి, అంది, అటువైపు ఆ పిల్ల గొంతు తగ్గించి, ఇప్పుడే క్లిప్పు బిగించబోతున్నారు మేడమ్, ఆపమని చెబుతున్నా, మీరెప్పుడూ అంత గట్టిగా చెప్పరు కదా, ఆవిడే ఢోకా లేదందంటే ఇంకేం చూడక్కర్లేదు అన్నారు డాక్టరుగారు, అంది.

ఇంకేం చూడక్కర్లేదు, ఫోను పెట్టేసి ఆమె ఆ మాట దగ్గరే నిలబడిపోయింది, చేతిలో ట్యూబు ఇంకా వెచ్చగా ఉంది, ఇరవై రెండేళ్లుగా ఖాయమేనా అంటే ఉండమ్మా అని, ఖాయమని చెప్పలేనమ్మా అని, ఇంకోసారి పంపండమ్మా అని అని, ఆ లేని నమ్మకంతో పైసా పైసా కూడబెట్టినట్టు కూడబెట్టిన నమ్మకం, ఒక్క మాటతో ఖర్చయిపోయేది, ముసలాయనతో సహా, పక్కగదిలోంచి వాడు తల బయటపెట్టి, ఏంటక్కా కంగారుగా ఉన్నావు, అని అడిగాడు, ఏం లేదు, నీ పనే నేను చేశాను, అంది, వాడికి అర్థం కాలేదు, నవ్వి లోపలికి పోయాడు, ఆమె కంప్యూటరు ముందుకొచ్చి కూర్చుంది, తప్పు రిపోర్టు కొట్టేసి, చూడకుండా పంపాను అని కారణం గడిలో రాసి సంతకం పెట్టింది, చేతులు వణుకుతున్నాయి, పక్క తెర మీద మిత్ర ఇంకా తెరిచే ఉంది, ఆకుపచ్చ చుక్క పక్కన ఆమె పేరు, ఈ పాటికి సూపరింటెండెంటు గదిలో కూడా కనిపించి ఉంటుంది, ఆయన సంతోషిస్తాడు, పోస్టు ఇచ్చేస్తారు, తను కళ్లు పెట్టుకుని చూసిన ఇరవై రెండేళ్లకి ఎరుపు వేశారు, కళ్లు మూసుకున్న పావుగంటకి ఆకుపచ్చ వేశారు, ఆ పావుగంటకే కుర్చీ ఇస్తారు, ఇప్పుడు తెలిసింది ఆమెకి, యాభై ఎనిమిదంటే నమ్మకం లేకపోవడం కాదు, లేచి కిటికీ దాకా నడవడం, వందంటే అంతా రావడం కాదు, ఇక లేవక్కర్లేదనుకోవడం, గోడగడియారంలో ఒంటిగంట కావడానికి ఇంకా సమయముంది, మౌసు పట్టుకుని నీలం గుండుని డెబ్బైకి లాగింది, రాలేదు, రెండు చేతులతో పట్టుకున్నట్టు మళ్లీ లాగింది, ఇక మార్చడం కుదరదు, ఆమె చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది, గుండు మాత్రం వంద దగ్గర వెంట్రుకవాసి కూడా వణకలేదు.